క్యాలెండరు తిరగేస్తేనే క్రైస్ట్‌చర్చ్

న్యూజిలాండ్ దక్షిణ దీవిలో అతి పెద్ద నగరం క్రైస్ట్‌చర్చ్. ఇక్కడి మూలవాసులైన మావోరీలు దీన్ని ఓటౌతాహి అంటారు. మన దేశం నుంచి వెళ్లే బృంద యాత్రల్లో ఈ ఊరికి సాధారణంగా దక్కేది ఒక రాత్రి. ఆక్లాండ్‌లో దిగి, రోటొరువాలో వేడినీటి బుగ్గలు చూసి, క్వీన్స్‌టౌన్‌లో రెండు రోజులు గడిపి, తిరుగు విమానం ఎక్కడానికి ఇక్కడికి చేరతారు. లేదా ఇక్కడే దిగి, పొద్దున్నే బస్సెక్కి కొండల వైపు సాగిపోతారు. భూకంపంలో సగానికి పైగా పోగొట్టుకుని మళ్లీ కట్టుకున్న నడిబొడ్డు, నదీతీరం, ఋతువుకో పండగ ఆ ఒక్క రాత్రిలో కంటికి ఆనవు.

చాలామంది ముందు ప్యాకేజీ ఎంచుకుని, ఆ తరవాత తేదీలు సర్దుకుంటారు. ఈ ఊరి విషయంలో ఆ వరస తిరగబడాలి. ముందు నెల తేలాలి. ఖర్చు ఎంత, ఏ వేడుక కలిసొస్తుంది, ఎన్ని స్వెటర్లు సర్దాలి అన్నవన్నీ దాన్ని బట్టే తేలతాయి.

వేసవి సెలవుల్లో చలికాలం

భూమధ్యరేఖకు దిగువనున్న దేశం కాబట్టి ఋతువులు మనకు తలకిందులు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేసవి, జూన్ నుంచి ఆగస్టు దాకా చలికాలం. జనవరిలో పగటి ఉష్ణోగ్రత సగటున 22, 23 డిగ్రీలు. రాత్రి తొమ్మిదింటికీ వెలుతురు ఉంటుంది. జూన్ చివర్లో ఎనిమిదింటికి గానీ తెల్లవారదు, ఐదింటికే పొద్దు గూకుతుంది. జులైలో తెల్లవారుజామున పచ్చిక మీద మంచు పేరుకుంటుంది. ఏడాదికి కురిసే వాన 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అంటే హైదరాబాద్ కంటే తక్కువే. వానకు భయపడి యాత్ర వాయిదా వేసుకోవలసిన ఊరు కాదిది.

గాలిని మాత్రం లెక్కలోకి తీసుకోవాలి. పడమటి సముద్రం మీంచి వచ్చే గాలి సదరన్ ఆల్ప్స్ పర్వతాలకు ఆవలే తన తేమనంతా వాన రూపంలో వదిలేసి, ఇవతలి కాంటర్‌బరీ మైదానం మీదికి పొడిగా, వేడిగా దిగుతుంది. ఇది వాయవ్యపు గాలి. ఇది వీచిన రోజు వేసవిలో ఉష్ణోగ్రత ముప్ఫై దాటవచ్చు. సాయంత్రానికి గాలి దక్షిణానికి మళ్లితే గంటలోపే పది డిగ్రీలు పడిపోతుంది. పొద్దున చొక్కాతో బయలుదేరినవాళ్ల సంచీలోనూ ఒక స్వెటరు ఉండక తప్పదు. వేసవి ఎండ చల్లగా అనిపించినా అతినీలలోహిత కిరణాల తీవ్రత ఎక్కువ. టోపీ, సన్‌స్క్రీన్ లేకుండా రెండు గంటలు తిరిగితే చర్మం కందిపోతుంది. ఇంకో సంగతి: ఇక్కడ సూర్యుడు ఆకాశంలో ఉత్తరం వైపు వాలి ప్రయాణిస్తాడు. తూర్పు వాకిలి కోసం పట్టుబట్టే తెలుగువాళ్లు ఇక్కడ చలికాలంలో గది తీసుకునేటప్పుడు మాత్రం ఉత్తరపు కిటికీ అడగడం మంచిది.

మన సెలవులను ఈ ఋతువుల మీద పరిచి చూస్తే ఎంపిక తేలికవుతుంది. తెలుగు కుటుంబాలు ఎక్కువగా కదిలేది ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారం వరకు. అప్పుడు అక్కడ శరత్తు ముగిసి చలి మొదలవుతుంది. ఏప్రిల్ నెలాఖరుకు హ్యాగ్లీ పార్కులోని ఓక్ చెట్లు రంగు తిరిగి కనువిందు చేస్తాయి; మే చివరికి ఆకులన్నీ రాలిపోతాయి, మంచు క్రీడలు ఇంకా మొదలు కావు. జనం తక్కువ, బసలూ సులువుగా దొరుకుతాయి. కానీ ఉత్సవాలు చూడాలనుకునేవాళ్లకు ఏడాదిలో ఇది అన్నింటికంటే పలచని కాలం.

సంక్రాంతి సెలవులు నడి వేసవిలో పడతాయి. సందడికి లోటుండదు గానీ, డిసెంబరు చివరి నుంచి జనవరి చివరి దాకా అక్కడి బడులకూ వేసవి సెలవులే. దేశమంతా రోడ్డెక్కే కాలం కాబట్టి గదులు, అద్దె కార్లు నెలల ముందే అయిపోతాయి. దసరా సెలవులు వసంతంలో వస్తాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో హ్యాగ్లీ పార్కు చెట్ల కింద డాఫొడిల్స్, దారుల వెంబడి చెర్రీ పూత. ధర, వాతావరణం, పూలు మూడూ కలిసొచ్చేది అప్పుడే. పిల్లల బడి సెలవులతో ముడిపడ్డ కుటుంబానికి ఇంతకంటే మంచి సమయం లేదు.

ఊరి పండగలు

జనవరిలో క్రైస్ట్‌చర్చ్ వీధులు ప్రదర్శనశాలలవుతాయి. 1994లో మొదలైన ప్రపంచ బస్కర్స్ ఉత్సవానికి దేశదేశాల నుంచి గారడీవాళ్లు, దొమ్మరి విద్యలవాళ్లు, హాస్యగాళ్లు వస్తారు. వీధి ప్రదర్శనలకు టికెట్టు ఉండదు. ఆట అయ్యాక టోపీ పడతారు. చూసి చేతులు దులుపుకుని పోవడం మర్యాద కాదు. కార్డుతోనే అన్నీ జరిగిపోయే ఆ దేశంలో కాసిని నోట్లు జేబులో పెట్టుకోవలసిన సందర్భం ఇదొక్కటే కావచ్చు.

నవంబరు రెండో వారం వ్యవసాయ ప్రదర్శనది. కాంటర్‌బరీ రైతులు 1860ల నుంచీ జరుపుకుంటున్న వేడుక ఇది. గొర్రెలకు, ఆవులకు, గుర్రాలకు పోటీలు, ఉన్ని కత్తిరింపు, గొడ్డళ్లతో దుంగలు నరికే పందేలు ఉంటాయి. మన పల్లెల్లో సంక్రాంతికి జరిగే బండలాగుడు పోటీల దగ్గర గుమిగూడే జనం, వాళ్ల వాదులాటలు చూసినవాళ్లకు ఈ మైదానం కొత్తగా అనిపించదు. అదే వారంలో ఆడింగ్టన్‌లో గుర్రపు పందేలు జరుగుతాయి. నగరవాసులు సింగారించుకుని బయలుదేరతారు. ప్రదర్శన రోజు కాంటర్‌బరీ ప్రాంతానికి సెలవు.

ఈ ఊళ్లో అన్నింటికంటే ఆసక్తికరమైన పండగ నడి చలికాలంలో వస్తుంది. దాని పేరు మటారికి. తెలుగువాళ్లు కృత్తికలని పిలిచే నక్షత్రాల గుంపే మటారికి. కొన్ని వారాలు కనపడకుండా పోయి, జూన్, జులైల్లో తెల్లవారకముందు తూర్పున మళ్లీ పొడుస్తుంది. అది మావోరీల కొత్త సంవత్సరం. గడిచిన ఏడాదిలో పోయినవాళ్లను తలుచుకుని, కలిసి భోంచేసి, రాబోయే ఏడాదికి ఏం చేయాలో మాట్లాడుకుంటారు. 2022 నుంచి ఇది జాతీయ సెలవు దినం. చాంద్రమానాన్ని బట్టి లెక్క కాబట్టి మన పండగల్లాగే తేదీ ఏటా మారుతుంది, అయితే సెలవు ఎప్పుడూ శుక్రవారమే వచ్చేలా సర్దుతారు: 2026లో జులై 10న, 2027లో జూన్ 25న. మనకు కార్తీక మాసంలో సాయంత్రం తూర్పున కనిపించే చుక్కలే అక్కడ ఆషాఢ ప్రాంతంలో వేకువన ఏడాదిని మొదలుపెడుతున్నాయి.

మటారికి రోజుల్లో నగరం నడిబొడ్డున, ఏవన్ నది ఒడ్డున 'తీరమా మై' పేరుతో దీపాల ఉత్సవం జరుగుతుంది. 2021లో మొదలైంది. మావోరీ కథల ఆధారంగా కళాకారులు వెలుగుతో బొమ్మలు కడతారు. చూడడానికి రుసుము లేదు. పొద్దు ఐదింటికే గూకుతుంది కాబట్టి చిన్నపిల్లలు కూడా నిద్రవేళకు ముందే చూసి రావచ్చు. చలికాలపు యాత్ర మంచు క్రీడలకు మాత్రమే అనుకునేవాళ్లు లెక్కలో వేసుకోని లాభం ఇది. మౌంట్ హట్ మంచు వాలులు నగరం నుంచి రెండు గంటల లోపే.

మన పండగలూ అక్కడ ఉన్నాయి, కాకపోతే ఋతువు మారి, తిథి నుంచి వారాంతానికి జరిగి ఉంటాయి. దీపావళి వసంతంలో, ఉగాది శరత్తులో వస్తాయి. బతుకమ్మ నాటికి పూలకు కొదవ లేదు గానీ అవి తంగేడు, గునుగు కావు. ఇంటి దగ్గర కోసి పట్టుకెళ్దామంటే సరిహద్దు దాటనివ్వరు. ఈ వేడుకలకు వెళ్లాలనుకునేవాళ్లు పంచాంగం కంటే అక్కడి తెలుగు సంఘం ప్రకటించిన శనివారాన్ని నమ్ముకోవాలి.

ఖాళీ జాగాల కథ

ఇంగ్లండ్ నుంచి నాలుగు ఓడల్లో వచ్చిన వలసదారులు 1850 డిసెంబరులో లిటెల్టన్ రేవులో దిగి, కొండ దాటి ఈ మైదానానికి చేరారు. ఆంగ్లికన్ చర్చి ఆదర్శంగా, ఇంగ్లండ్ ఊరికి నకలుగా దీన్ని కట్టాలని వాళ్ల ప్రణాళిక. 1856లో రాచపత్రంతో నగర హోదా వచ్చింది. న్యూజిలాండ్‌లో ఆ హోదా పొందిన మొదటి ఊరు ఇదే. 1863లో నాటిన ఒక ఓక్ మొక్కతో బొటానిక్ గార్డెన్స్ మొదలయ్యాయి. వాటిని చుట్టుకుని ఉన్న హ్యాగ్లీ పార్కు విస్తీర్ణం 165 హెక్టార్లు. ఏవన్ నదిలో గడకర్రతో నడిపే పడవలు, 1882 నాటి పడవల షెడ్డు, నడిబొడ్డున తిరిగే పాతకాలపు ట్రాము ఇవన్నీ ఆ ఇంగ్లిష్ ముచ్చటలో భాగాలే. ట్రామును 1995లో పర్యాటకుల కోసం మళ్లీ నడపడం మొదలుపెట్టారు. ఒక టికెట్టుతో రోజంతా ఎక్కవచ్చు, దిగవచ్చు.

2011 ఫిబ్రవరి 22 మధ్యాహ్నం 12 గంటల 51 నిమిషాలకు వచ్చిన భూకంపం ఆ నకలును కూల్చేసింది. అంతకు ఐదు నెలల ముందు, 2010 సెప్టెంబరు 4న, 7.1 తీవ్రతతో వచ్చినది ఊరికి దూరంగా పుట్టింది. రెండోదాని తీవ్రత తక్కువే గానీ, ఊరికి దగ్గరగా, లోతు లేకుండా పుట్టింది. 185 మంది చనిపోయారు. నది వెంట ఉన్న పేటల్లో నేల బురదగా ఉబికింది. అక్కడా, మరికొన్ని చోట్లా మళ్లీ ఇళ్లు కట్టడం కుదరదని ప్రభుత్వం దాదాపు 8,000 ఇళ్ల స్థలాలను ఖాళీ చేయించింది. కూలిన దుకాణాల చోట ఓడ కంటెయినర్లతో బజారు కట్టి, 2011 అక్టోబరులోనే వ్యాపారం మొదలుపెట్టారు. జపాన్ వాస్తుశిల్పి షిగేరు బాన్ అట్టగొట్టాలతో రూపొందించిన చర్చి 2013లో తెరుచుకుంది. తాత్కాలికమని కట్టిన ఆ అట్టల చర్చి నేటికీ నిలిచే ఉంది. 1881 నాటి రాతి కెథడ్రల్ పునరుద్ధరణ పని మాత్రం 2024లో నిధులు చాలక ఆగింది. కొత్త గ్రంథాలయం తూరంగ 2018లో తెరుచుకుంది. పిల్లలతో వెళ్లినవాళ్లు ఒక పూట అక్కడ గడపవచ్చు. నది ఒడ్డున మృతుల పేర్లు చెక్కిన పాలరాతి గోడను 2017లో ప్రారంభించారు.

ఇండియాతో ఈ ఊరికున్న ముడి చాలా పాతది. 1854లో జాన్ క్రాక్రాఫ్ట్ విల్సన్ అనే ఇంగ్లిష్ న్యాయాధికారి ఉత్తర హిందుస్థానంలో ఉద్యోగం చేసి, భారతీయ పనివాళ్లను వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చాడు. కొండపాదాన భూములు కొని, కాశ్మీర్ మీద ఇష్టంతో ఆ జాగాకు కాశ్మీర్ అనే పేరే పెట్టాడు. నగరంలో ఖరీదైన పేటల్లో ఒకటైన కాష్మియర్ అదే. ఆ చుట్టుపక్కల ఢిల్లీ, లక్నో, బెంగాల్ పేర్లతో వీధులున్నాయి. పనివాళ్ల కోసం 1870లో కట్టించిన రాతి ఇల్లు ఇప్పటికీ ఉంది. ఆ ఇంట్లో ఉన్నవాళ్ల గురించి యాత్రా కరపత్రాలు పెద్దగా చెప్పవు.

2019 మార్చి 15న హ్యాగ్లీ పార్కు పక్కనున్న అల్ నూర్ మసీదులో, లిన్‌వుడ్ మసీదులో జరిగిన కాల్పుల్లో 51 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో హైదరాబాద్ నుంచి వెళ్లి స్థిరపడినవాళ్లూ ఉన్నారు.

క్రికెట్ తెలిసినవాళ్లకు హ్యాగ్లీ ఓవల్ విడిగా చెప్పక్కర్లేదు. మెట్ల గ్యాలరీల బదులు పచ్చిక గట్టు మీద కూర్చుని చూసే మైదానం. 2020 టెస్టులో కాకినాడలో పుట్టిన హనుమ విహారి ఇక్కడే 55 పరుగులు చేశాడు. 2022 మార్చి 27న ప్రపంచకప్పులో భారత మహిళల జట్టు ఆఖరి బంతికి దక్షిణాఫ్రికా చేతిలో ఓడింది ఇక్కడే. ఆ రోజు 68 పరుగులు చేసిన హైదరాబాదీ కెప్టెన్ మిథాలీ రాజ్‌కు అదే చివరి అంతర్జాతీయ మ్యాచ్ అయింది. వేసవిలో వెళ్లేవాళ్లు టికెట్లు కొనేముందు మ్యాచ్‌ల పట్టిక ఒకసారి చూసుకోవడం మేలు.

గైడ్ ఎక్కడ, ఎందుకు

ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరినప్పుడు వంద మంది దాకా పరివారం వెంట ఉంది. మజిలీకీ మజిలీకీ మధ్య దూరం, దొరికే సరుకులు, దారి బాగోగులు అన్నీ రాసుకున్నాడు. తరవాత వెళ్లేవాళ్లకు ఆ రాతలే దారి చూపాయి. ప్యాకేజీ యాత్ర నేడు చేసిపెట్టేది ఆ పనే. భోజనం, బస, బస్సు మరొకరి బాధ్యత. తొలిసారి విదేశం వెళ్లే పెద్దవాళ్లకు, పప్పన్నం లేనిదే రోజు గడవనివాళ్లకు అది చిన్న సాయం కాదు. దానికి చెల్లించే మూల్యం బస్సులో గడిచే సమయం. క్రైస్ట్‌చర్చ్ నుంచి క్వీన్స్‌టౌన్ 480 కిలోమీటర్ల పైమాటే. అక్కణ్నుంచి మిల్‌ఫర్డ్ సౌండ్‌కు వెళ్లడానికి నాలుగు గంటలు, రావడానికి నాలుగు గంటలు. వారం రోజుల యాత్రలో ఎన్ని పగళ్లు కిటికీ పక్కన గడుస్తాయో ముందే లెక్కేసుకుంటే దిగాక విసుగు రాదు.

ఈ ఊళ్లో గైడ్ విలువ తెలిసేది అందమైన దృశ్యం ముందు కాదు, చూడడానికి ఏమీ మిగలని చోట. సరస్సు తన గురించి తానే చెప్పుకుంటుంది. నది వెంట కనిపించే పచ్చిక మాత్రం ఒకప్పుడు వేల ఇళ్లున్న పేట అని ఎవరో ఒకరు చెప్పాలి. భూకంపాన్ని చూసిన స్థానికుడితో రెండు గంటల కాలినడక యాత్ర, మావోరీల దృష్టితో ఊరిని చూపే మరో యాత్ర, ఈ రెండింటికీ డబ్బు పెట్టడం సమంజసం. బొటానిక్ గార్డెన్స్, రివర్‌సైడ్ మార్కెట్, ట్రాము లాంటివాటికి ఎవరి వెంటా తిరగనక్కర్లేదు.

ఊరి బయటి ప్రయాణాల్లో మొదట చెప్పవలసింది ట్రాంజ్‌ఆల్పైన్ రైలు. పర్వతాలను అడ్డంగా దాటి పడమటి తీరంలోని గ్రేమౌత్‌కు 223 కిలోమీటర్లు, ఐదు గంటల దారి. మధ్యలో 1923లో తెరిచిన ఎనిమిదిన్నర కిలోమీటర్ల ఒటీరా సొరంగం వస్తుంది. 1840లో ఫ్రెంచివాళ్లు స్థిరపడిన అకరోవాకు కారులో గంటన్నర. న్యూజిలాండ్‌లో తప్ప మరెక్కడా లేని హెక్టర్స్ డాల్ఫిన్లు అక్కడి నీళ్లలో ఉంటాయి. కైకోరాలో తిమింగలాలు చూపించే సంస్థను నడిపేది మావోరీలే. టేకపో సరస్సుకు మూడు గంటలు. 2012లో ఆ ప్రాంతాన్ని అంతర్జాతీయ చీకటి ఆకాశ రక్షిత ప్రదేశంగా ప్రకటించారు కాబట్టి అక్కడ రాత్రి ఉండకుండా తిరిగొస్తే సగం యాత్రే.

కారు అద్దెకు తీసుకునేవాళ్లకు ఒక సౌకర్యం: అక్కడా ఎడమ వైపు నడపడమే. ఇంగ్లిష్‌లో ఉన్న మన లైసెన్సు చెల్లుతుంది. ఒంటి వరస వంతెనలు చాలా ఉన్నాయి. ఎవరు ముందు వెళ్లాలో బాణం గుర్తు చెబుతుంది, హారన్ కాదు.

కాగితాలు, ఆవకాయ

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ముందుగానే సందర్శక వీసా తీసుకోవాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. అక్కడి నుంచి తిరిగి రావలసిన తేదీ తరవాత కనీసం మూడు నెలలు పాస్‌పోర్టు చెల్లాలి. ఖర్చులకు మనిషికి నెలకు 1,000 న్యూజిలాండ్ డాలర్లు ఉన్నట్టు చూపాలి. బసకు ముందే చెల్లించి ఉంటే 400 చాలు. 2024 అక్టోబరు నుంచి పర్యాటక సుంకం 100 డాలర్లు. భారత్ నుంచి నేరుగా విమానం లేదు. హైదరాబాద్ నుంచి సింగపూర్ మీదుగా వెళ్తే ఒక్కసారి మారితే సరిపోతుంది. ఆస్ట్రేలియా మీదుగా టికెట్టు చవగ్గా దొరికితే, ఆ దేశపు ట్రాన్సిట్ వీసా సంగతి తేల్చుకున్నాకే కొనాలి.

ఆరోగ్య బీమా అక్కర్లేదని కొందరు అనుకోవడానికి ఒక కారణం ఉంది. ప్రమాదంలో దెబ్బ తగిలితే సందర్శకుల చికిత్సకూ సాయం చేసే ఏసీసీ అనే ప్రభుత్వ పథకం అక్కడ ఉంది. అది జబ్బులకు వర్తించదు. గుండె నొప్పి, మధుమేహం, జ్వరం అన్నీ సొంత ఖర్చే. కాబట్టి బీమా తప్పనిసరి అనుకోవాలి. రోజూ వేసుకునే మందులను డాక్టరు చీటీతో, మూడు నెలలకు మించకుండా తీసుకెళ్లవచ్చు.

తెలుగు ప్రయాణికులు ఎక్కువగా తడబడేది పెట్టె దగ్గర. వ్యవసాయం, పాడి మీద బతికే దేశం కావడంతో బయటి క్రిమి, విత్తనం, తెగులు రాకుండా సరిహద్దులో గట్టి తనిఖీ ఉంటుంది. విమానం ఎక్కడానికి 24 గంటల ముందు నుంచి న్యూజిలాండ్ ప్రయాణికుల ప్రకటనను ఆన్‌లైన్‌లో నింపవచ్చు. దానికి రుసుము లేదు. అందులో తినే వస్తువు ప్రతిదీ చెప్పాలి. ఆవకాయ సీసా, కారప్పొడి, చేగోడీలు, విమానంలో ఇచ్చిన ఆపిల్ పండు కూడా. చెప్పకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. చెప్పి ఉంటే, అనుమతి లేని వస్తువును తీసేసుకుంటారు, అంతే. నెయ్యి, పాలకోవా వంటి పాల పదార్థాలు, తాజా పండ్లు, పూలు, మొలకెత్తే గింజల విషయంలో నిబంధనలు మరీ కఠినం. తేనె అసలు తీసుకెళ్లకూడదు. బూట్లకు అంటిన మట్టిని కూడా పరిశీలిస్తారు కాబట్టి బయలుదేరేముందు కడిగి ఆరబెట్టాలి. ఇంతా చేసి, రికర్టన్ ప్రాంతంలోని దుకాణాల్లో కందిపప్పు నుంచి పచ్చళ్ల దాకా భారతీయ సరుకులు దొరుకుతూనే ఉంటాయి. పెట్టెలో ఆ బరువు మోయడం అనవసరం.

దక్షిణ దీవికి పది రోజులు పెట్టుకున్నవాళ్లు క్రైస్ట్‌చర్చ్‌కు కనీసం మూడు రాత్రులు కేటాయించాలి. ప్యాకేజీలో అంత వెసులుబాటు లేకపోతే, బృందం కంటే రెండు రోజులు ముందు దిగడానికో, రెండు రోజులు ఆగి తిరిగి రావడానికో వీలవుతుందేమో డబ్బు కట్టకముందే యాత్రా సంస్థను అడగాలి.